మా వీధిలో ఆఖరి కార్మికుడు

1957 అక్టోబరు 6, ఆదివారం

సోవియట్ వాళ్ళు ఆకాశంలోకి కొత్త చంద్రుణ్ణి పంపారు. మా ఆవిడ దీర్చె పందిని అమ్మేసింది.

రెండూ ఒకే వారంలో జరగడం నా దురదృష్టం. మా ఇటాలియన్ కమ్యూనిస్టులు చేరే ప్రజాభవనంలో ఆ చంద్రుడి గురించి మాట్లాడదామని నాలుగు ముక్కలు రాసుకుని మరీ వెళ్ళాను. ఇలా లేచి నిలబడ్డానో లేదో వెనకనుంచి ఎవరో, "కామ్రేడ్ నేరియో, ఈ చలికాలం మీ ఇంట్లో సలామీ ఉండదటగా?" అన్నారు. కార్పి ఊరు ఊరంతా నవ్వింది. ఇక చంద్రుడు ఎవడికి కావాలి?

ఆ పందిని నేను మేపాను. దానికి తవుడు కలిపింది నేను. చలికి వణుకుతుంటే పాత కోటు కప్పింది నేను. దాని బదులు ఇప్పుడు వంటింటి బల్లమీద అల్లిక యంత్రం ఒకటి వచ్చి కూర్చుంది. బల్ల పొడవునా సూదుల వరస, దాని మీద అటూ ఇటూ జరిగే ఇనప బండి. తోస్తే జర్‌ర్ అంటుంది. లాగితే మళ్ళీ జర్‌ర్.

"మరి అన్నం ఎక్కడ తినాలే?" అన్నాను.

"ఒళ్ళో పెట్టుకుని తిను. పెద్ద పెద్ద కామ్రేడ్లు యుద్ధంలో అలాగే తిన్నారని నువ్వే చెప్పావుగా," అంది.

నాకేం కోపం రాలేదు. కష్టజీవి అయిన స్త్రీ తన పనిముట్టుకి తానే యజమాని కావడాన్ని నేను ఎప్పుడూ సమర్థించాను. సిద్ధాంతపరంగా. బాధల్లా పంది గురించే.

అక్టోబరు 9

జర్‌ర్.

అక్టోబరు 22

ఇల్లంతా చేతులు. మంచం మీద చేతులు, కుర్చీ మీద చేతులు, రేడియో మీద చేతులు. మాల్వెత్సి గారని ఒక వ్యాపారి ఉన్నాడు. ఆయన వ్యాను వారానికోసారి వచ్చి ఊలు కండెలు దించుతుంది, అల్లిన చేతుల్ని ఎత్తుకుపోతుంది. దీర్చె అల్లేది స్వెట్టర్ చేతులు మాత్రమే. పక్కింటి జెలిందా ముందుభాగాలు అల్లుతుంది. వెనకభాగాలు కాలవ అవతల ఎవరో. అన్నిటినీ కలిపి కుట్టేది ఇంకెవరో. కాజాలు కుట్టేది చర్చి ఫాదర్ గారింట్లో వంట చేసే ఆఫ్రా. అంటే చేతులు కమ్యూనిస్టులవి, కాజాలు కథోలిక్కులవి. ఊరందరి చేతుల మీదుగా తయారయ్యే ఆ స్వెట్టర్ని మా వీధిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"ఎలా ఉంటుందో మరి," అంది దీర్చె ఇవాళ, ఒక చేతిని వెలుతురుకి పట్టి చూస్తూ. "నా చిన్నప్పుడూ ఇంతే. టోపీకి నార అల్లేదాన్ని, టోపీ మాత్రం ఎవరి నెత్తిమీదో ఉండేది. ఒక్కసారైనా మొత్తం స్వెట్టర్ చూడాలి నేరియో. మెడ నుంచి అంచుదాకా."

"దుకాణం అద్దంలో వేలాడుతుంటాయి, వెళ్ళి చూడు," అన్నాను.

ఆమె నా వంక అదోలా చూసింది. ఎందుకో తెలియలేదు.

నవంబరు 17

ఈరోజు ప్రజాభవనంలో నా ఉపన్యాసం. విషయం: వంటింట్లో దోపిడి.

బాగా వచ్చింది. నా అంతట నేను చెప్పుకోకూడదు కానీ బాగా వచ్చింది. ఫ్యాక్టరీని వెయ్యి ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఒక్కో వంటింట్లో పెట్టారన్నాను. కరెంటు మనది, కుర్చీ మనది, నడుం నొప్పి మనది, లాభం మాత్రం మాల్వెత్సిది అన్నాను. టోపీల ఫ్యాక్టరీ కార్మిక సంఘం కార్యదర్శిగా నేను దీన్ని చూస్తూ ఊరుకోను అన్నాను. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను వంగి నమస్కారం పెట్టాను.

వాళ్ళు లేచింది వెళ్ళిపోవడానికని తర్వాత తెలిసింది. మాల్వెత్సి వ్యాను వచ్చే వేళయిందట.

డిసెంబరు 25

తోర్తెల్లీని, అంటే మాంసం కూరిన బుల్లి పిండిముద్దలు, చుట్టడానికి బల్ల ఖాళీ లేదు. ఇస్త్రీ చెక్క మీద చుట్టాం. ఒక దానిలో ఊలుపోగు వచ్చింది. నీలం రంగు.

1958 ఫిబ్రవరి 11

మా ఫ్యాక్టరీలో రకరకాలుగా చెప్పుకుంటున్నారు. టోపీలు అమ్ముడుపోవడం లేదట. మనుషులకి తలలున్నంతకాలం టోపీలుంటాయని నేను మా వాళ్ళకి ధైర్యం చెప్పాను. నా చేతిలో ఆవిరి పట్టిన టోపీ ఒకటి అచ్చుమీద నిగనిగలాడుతోంది. విల్లో చెక్కని నారగా చీల్చి, అల్లి, ఆవిరి పట్టి, అచ్చుకి బిగిస్తే వచ్చే ఆ వంపు ఉంది చూశారూ, దాన్ని కాదని బతకగలిగే తల ఏది?

ఇంటికొచ్చేటప్పుడు దారిలో చూశాను. బడి వదిలినట్టు బజారంతా కుర్రాళ్ళు. ఒక్కడికి టోపీ లేదు. అందరి జుట్టుకీ నూనె.

ఏప్రిల్ 30

ఫ్యాక్టరీకి తాళం వేశారు. వాన పడింది.

మే 1

జెండా పట్టుకుని నడిచాను. అందరితోపాటు పాడాను. దీర్చెకి ఏమీ చెప్పలేదు. పండగపూట ఎందుకని.

మే 5

రేపు చెబుతాను.

మే 19

పొద్దున్నే మామూలుగా సైకిలెక్కుతున్నాను. దీర్చె భోజనం డబ్బా ఇస్తుంది. కాలవ గట్టున చాలాదూరం వెళ్తాను. గట్టు కింద నీడ ఉంది. అక్కడ పేపరు చదువుతాను. వ్యవసాయ కూలీల సమస్య మీద చాలా లోతుగా ఆలోచించగలిగాను. ఫ్యాక్టరీ చప్పుడులో ఈ వీలుండేది కాదు. సాయంత్రం ఇంటికొస్తాను. "ఈరోజు ఆవిరి బాగా వచ్చింది," అంటాను.

నాకేం బాధ లేదు. ఇది ఒక విధంగా అధ్యయన కాలం.

మే 28

వాన. వంతెన కింద కూర్చున్నాను. ఒక కప్ప కూడా వచ్చి కూర్చుంది.

జూన్ 6

ఈరోజు పొద్దున సైకిల్ తీస్తుంటే దీర్చె భోజనం డబ్బాతో పాటు ఒక పెద్ద మూట కూడా తెచ్చి వెనక కట్టింది.

"ఏమిటిది?" అన్నాను.

"చేతులు. ఎలాగూ కాలవ గట్టుకే కదా వెళ్ళేది. వంతెన దాటగానే మూడో ఇల్లు, కలిపి కుట్టే ఆవిడ. వ్యాను కోసం ఆగకుండా ఇచ్చేసి వెళ్ళు. వచ్చేటప్పుడు ఆఫ్రా దగ్గర ఖాళీ సంచులున్నాయి, అవీ పట్టుకురా."

నేను సైకిల్ మళ్ళీ గోడకి ఆనించాను.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"ఏప్రిల్ ముప్ఫై నుంచి. ఊళ్ళో టోపీల ఫ్యాక్టరీ ఒక్కటే, నేరియో. దానికి తాళం వేస్తే చప్పుడు వినపడదా?"

"మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వు చెబుతావని చూశా," అంది. మూటకి రెండో ముడి వేసింది. "మడత పడకుండా తీసుకెళ్ళు. ఆవిడ గయ్యాళి."

జెలిందా తన గుమ్మంలోంచి, "కామ్రేడ్ గారికి కొత్త ఉద్యోగమొచ్చిందే!" అని కేక పెట్టింది. ఆమెకీ తెలుసన్నమాట. వీధి వీధంతా ప్రతి సాయంత్రం నన్ను "ఆవిరి బాగా వచ్చిందా అన్నయ్యా?" అని ఎందుకు అడిగేదో ఇప్పుడు అర్థమైంది.

ఇది ఉద్యోగం కాదు. ఎలాగూ అటే వెళ్తున్నాను కాబట్టి.

జూలై 3

ఎలాగూ అటే వెళ్తున్నాను కాబట్టి జెలిందా ముందుభాగాలు కూడా తీసుకెళ్తున్నాను.

సెప్టెంబరు 9

సైకిల్ వెనక చక్రానికి కొత్త చువ్వలు వేయించాను. ఎలాగూ అటే వెళ్తున్నాను కాబట్టి ఇప్పుడు ఎనిమిదిళ్ళు తిరుగుతున్నాను. ఏ ఇంట్లో ఏ ముక్క అల్లుతారో, ఎవరి పని చక్కన, ఎవరి పని వంకర, ఎవరు మాట మీద నిలబడతారో ఈ ఊళ్ళో నాకు తెలిసినంత మాల్వెత్సికి కూడా తెలియదు. ఈ మాట దీర్చెతో ఊరికే అన్నాను. ఆమె బండిని తోయడం ఆపింది. నాకేదో జబ్బు చేసిందన్నట్టు చూసింది.

నవంబరు 13, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకే నమ్మకం కుదరడం లేదు.

మధ్యాహ్నం పొగమంచు. మా ఇంటి నుంచి జెలిందా ఇల్లు కనబడదు, ఆమె నోరు మాత్రం వినబడుతుంది, అంత మంచు. దీర్చె న్యోక్కో వేయిస్తోంది. పిండిముక్కలు నూనెలో పొంగుతున్నాయి. ఎవరో తలుపు తట్టారు. తీస్తే పొడుగాటి మనిషి, కళ్ళజోడు నిండా మంచు. జర్మనీ నుంచి వచ్చాడట, పేరు బ్రాండ్ల్, మ్యూనిక్‌లో పెద్ద బట్టల దుకాణం. మాల్వెత్సి గారింటికి బయల్దేరి కారుని మా కాలవలో దింపాడు. ముందు చక్రాలు మాత్రమే.

"ముందు కూర్చోండి, ఆ కారుని మా వాళ్ళు లాగుతార్లే," అంది దీర్చె. న్యోక్కో పెట్టింది. లాంబ్రుస్కో వైను పోసింది. అతను తింటూ నా వంకే చూస్తున్నాడు. తినడం ఆపి మరీ చూస్తున్నాడు. నా ముఖంలో ఏదో ఒక స్థిరత్వం ఉంటుందని ప్రజాభవనంలో కొందరంటుంటారు. సరే, జర్మన్లు కూడా మనుషులే, గుర్తుపట్టి ఉంటాడనుకున్నాను.

అతను లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నేనూ కరచాలనానికి సిద్ధమయ్యాను. చూస్తే అతను పట్టుకుంది చేతిని కాదు, స్వెట్టర్ చేతిని. నేను వేసుకున్నది నా పాత బొత్తాల స్వెట్టర్, చేతులు చిరిగిపోతే దీర్చె మిగిలిపోయిన ఊలుతో కొత్తవి అల్లి తగిలించింది. ఒళ్ళు బూడిదరంగు, ఒక చెయ్యి గోధుమరంగు, రెండోది ఆకుపచ్చ. మిగిలింది అంతే. బయటికి వేసుకెళ్ళడానికి సిగ్గనిపించి ఇంట్లో వేసుకుంటున్నాను.

"ఇది," అన్నాడు వచ్చీరాని ఇటాలియన్‌లో. "రెండు చెయ్యి, రెండు రంగు. ఇది ఎవరు ఆలోచన?"

నేను జరిగింది చెప్పబోయాను. దీర్చె నా కాలు తొక్కింది.

"ఇక్కడంతా ఇప్పుడిదే ఫ్యాషనండీ," అంది రెప్ప వెయ్యకుండా. "నిలబడు నేరియో. వెనక్కి తిరుగు. విప్పు."

విప్పాను. బనీనుతో నిలబడ్డాను. ఆ స్వెట్టర్ని అతను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిరగేసి, లాగి, వాసన కూడా చూశాడు. జనవరి ఆఖరుకి ఆరు వందలు కావాలన్నాడు. సరిగ్గా ఇలాగే. మాల్వెత్సి పేరే మళ్ళీ ఎత్తలేదు. దీర్చె "అలాగే" అంది, రోజూ ఆరేసి వందలు వేయించి పెడుతున్నట్టు. జెలిందా మొగుడూ ఇంకో ఇద్దరూ కారు లాగారు. నా స్వెట్టర్ వెనక సీట్లో కూర్చుని మ్యూనిక్ వెళ్ళిపోయింది.

కారు చప్పుడు వినబడకుండా పోయాక దీర్చె నేలమీద కూలబడింది.

"ఏం చేశాను నేను? నాకు చేతులు తప్ప ఏమీ రావు నేరియో!"

"నీకు రాకపోతే వచ్చేవాళ్ళు ఎనిమిదిళ్ళున్నారు," అన్నాను. బనీనుతో వణుకుతున్నాను కనక ఆలోచించకుండా అనేశాను.

ఆమె తలెత్తింది. "మొత్తం స్వెట్టర్లు," అంది నెమ్మదిగా. "మెడ నుంచి అంచుదాకా." తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకూ వచ్చింది.

నవంబరు 18

మాల్వెత్సి స్వయంగా వచ్చాడు. తల ఊపుతూ పది నిమిషాలు తిట్టాడు. అన్నం పెట్టిన చేతినే కరిచారన్నాడు, ఈ వీధికి ఇక ఒక్క కండె కూడా పంపనన్నాడు. దీర్చె యంత్రం ఆపకుండానే, "ఆరు వందల స్వెట్టర్లకి ఊలు ఎక్కడ కొనాలా అని చూస్తున్నానండీ," అంది. ఆయన నోరు తెరిచి, మూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బూడిదరంగు ఎంత కావాలని అడిగాడు.

డిసెంబరు 14

మొదటి స్వెట్టర్ వచ్చింది. చేతులు దీర్చెవి, ముందుభాగం జెలిందాది, కాజాలు ఆఫ్రావి. కమ్యూనిస్టుల స్వెట్టర్‌కి కాజాలు కుట్టొచ్చా అని ఆఫ్రా ఫాదర్ గారిని అడిగిందట. కాజా కేవలం కన్నమేనని, దానికి పార్టీ ఉండదని ఆయన చెప్పారట.

అందరం బల్ల చుట్టూ నిలబడ్డాం. దీర్చె దాన్ని పట్టుకుని ఎత్తింది. ఆ స్వెట్టర్ మూలలన్నీ నాలుగువైపులా పైకి చుట్టుకుపోయి, ఎండలో మరిచిపోయిన వానపాములా ఉంది.

"ఇదా?" అంది జెలిందా.

దీర్చె దాన్ని మడిచి దాచబోయింది. ఎందుకో నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆవిరి పట్టకుండా ఎవరైనా చూపిస్తారా?" అన్నాను. టోపీకైనా అంతే, అచ్చుకి బిగించకముందు పిచ్చుక గూడులా ఉంటుంది. కెటిల్‌లో నీళ్ళు మరిగించాను, తడిగుడ్డ వేశాను, పట్టాను, లాగాను, కాసేపు బరువు పెట్టాను. ఎత్తి చూపిస్తే స్వెట్టర్.

దీర్చె దాన్ని తనకి తగిలించి చూసుకుని, అద్దం దగ్గరికి వెళ్ళి, తలుపు వేసుకుంది. చాలాసేపు రాలేదు.

మిగిలినవాటికి ఆవిరి నేనే పట్టాలి. తాత్కాలికంగా.

1959 ఫిబ్రవరి 3

ఆరు వందలూ వెళ్ళిపోయాయి. వెంటనే రెండో ఆర్డరొచ్చింది. వసంతానికి పల్చటివి. దీర్చె ఇంట్లో ఫోను పెట్టించింది. అది గోడమీద నల్లగా వేలాడుతూ నా వంక చూస్తుంది.

ఫిబ్రవరి 21, శనివారం

చరిత్రాత్మకమైన రోజు.

పొద్దున ప్రజాభవనంలో కూర్చున్నాను. జెలిందా, ఆఫ్రా, వాళ్ళ వెనక ఇంకా చాలామంది ఆడవాళ్ళు లోపలికొచ్చారు. ఆఫ్రా జన్మలో మొదటిసారి ఆ గడప తొక్కింది, తొక్కేముందు శిలువ గుర్తు వేసుకుంది.

"కామ్రేడ్ కార్యదర్శి గారూ," అంది జెలిందా. "మేం సమ్మె చేస్తున్నాం."

నేను లేచి నిలబడ్డాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక నన్నెవరూ కార్యదర్శీ అనలేదు. "కూర్చోండమ్మా, కూర్చోండి," అన్నాను. "ఎవరి మీద?"

"మీ ఆవిడ మీద."

వాళ్ళు చెప్పింది న్యాయంగానే ఉంది. జెలిందా అల్లిన ముందుభాగాలు వంకరగా ఉన్నాయని దీర్చె తిప్పి పంపింది, తిరిగి అల్లినదానికి కూలీ లేదంది. ఆదివారం కూడా ముక్కలు కావాలంటోంది. నేను వాళ్ళ కోరికలని మంచి భాషలో రాసిపెట్టాను. రెండుసార్లు తిరగరాశాను. సంతోషంతో కాదు. అక్షరాలు బాగా రాలేదని.

మధ్యాహ్నం అందరం కలిసి మా ఇంటికెళ్ళాం. నేనే ముందు నడిచాను. నా ఇంటి తలుపు నేనే తట్టాను.

"తలుపెందుకు తడుతున్నావు, తాళం పారేసుకున్నావా?" అంది లోపల్నుంచి దీర్చె.

"మేం కార్మిక ప్రతినిధులం," అన్నాను.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత, "కాళ్ళు తుడుచుకుని రండి," అంది.

బల్లకి అటు ఆమె ఒక్కతే. ఇటు మేమంతా. నేను కోరికలు చదవడం మొదలుపెట్టాను. భోజనం వేళ. పొయ్యిమీద నూనె కాగుతోంది. నేను రెండో కోరిక చదువుతుండగా దీర్చె లేచి న్యోక్కో వేయడం మొదలుపెట్టింది. అలవాటు. ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టకుండా ఆమెకి పోట్లాడటం కూడా రాదు. వేడివేడిగా ఒక పళ్ళెం మా ముందుకొచ్చింది.

జెలిందా నా చెవిలో, "తింటే సమ్మె విరమించినట్టా కామ్రేడ్?" అంది.

ఆలోచించాను. "తినడం వేరు, లొంగడం వేరు," అన్నాను. అందరూ ఒక్కసారిగా చెయ్యి చాపారు. నా దగ్గరికొచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

"ఇప్పుడు నన్ను యజమానురాలంటారా?" అంది దీర్చె అట్లకాడ పట్టుకునే. "సరే. జెలిందా, నీకంటే ముందు లేచేదెవరే ఈ వీధిలో? నేను కాదూ? బావి దగ్గర నీళ్ళెవరు తోడుతున్నారు? ఏ యజమానురాలైనా ఇలా ఉందా?"

"లేదులే అక్కా," అంది జెలిందా నోటినిండా పెట్టుకుని. "అయినా వంకరని నాతో చెప్పొచ్చుగా. మూట మీద చీటీ రాసి మొగుడిచేత పంపుతావా?"

"నీ మొహం మీద చెప్తే ఏడుస్తావని."

"ఏడుస్తా. అయితే ఏం? ఏడ్చి మళ్ళీ అల్లనా?"

ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, తర్వాత ఒకేసారి ఏడ్చారు, ఆఫ్రా ఇద్దరికీ కలిపి దేవుణ్ణి తలుచుకుంది. మధ్యలో నేను మూడో కోరిక చదివాను. ఎవరూ వినలేదు.

ఆఖరికి దీర్చె కళ్ళు తుడుచుకుని, "తిరిగి అల్లినదానికి కూలీ ఇస్తా. ఆదివారం మీకు సెలవు. ఇంకా ఒకటి. నా మాట పడలేమనుకున్నవాళ్ళు ఆ జర్మన్‌తో మీరే మాట్లాడుకోండి. అడ్రసు గోడమీదే ఉంది," అంది.

సంపూర్ణ విజయం. సాయంత్రం ప్రజాభవనంలో నా ఉపన్యాసానికి నిజంగానే చప్పట్లు కొట్టారు. రాత్రి దీర్చె అన్నం పెడుతుందా లేదా అని భయపడ్డాను. పెట్టింది. "బాగా మాట్లాడావు," అంది. "ఆ మూడో కోరిక ఏమిటి?"

మార్చి 15

జెలిందా ఇంటి ముందు బోర్డు వెలిసింది. జెలిందా అల్లికలు, ఎగుమతి. బ్రాండ్ల్ గారికి ఉత్తరం తనే రాసుకుందట. ఎరుపు అక్షరాలు, మా ఇంటి దగ్గర్నుంచి బాగా కనబడతాయి.

మార్చి 29

కలిపి కుట్టే ఆవిడ బోర్డు పెట్టింది. కాలవ అవతల వెనకభాగాలవాళ్ళు అక్కాచెల్లెళ్ళు చెరో బోర్డూ పెట్టారు, ఇద్దరికీ మాటల్లేవు. మా బోర్డు మేమూ పెట్టాం. నేను నిచ్చెన పట్టుకున్నాను.

ఏప్రిల్ 8

ఆఫ్రా కూడా. ఫాదర్ గారు బోర్డుకి తీర్థం చల్లారు.

ఏప్రిల్ 19

జెలిందా వచ్చింది. గొంతు తగ్గించి, "అన్నయ్యా, నాకు అల్లే పక్క ఊరివాళ్ళు తోక జాడిస్తున్నారు. వంకర ముక్కలు తిప్పి పంపితే కూలీ అడుగుతున్నారు, చూడండి ఎంత పొగరో! సంఘం తరఫున మీరొకసారి బెదిరించకూడదూ?" అంది.

"ఆ కూలీ నువ్వు సమ్మె చేసి సాధించిందే జెలిందా," అన్నాను.

"అది వేరు," అంది.

మే 1

మే డే ఊరేగింపు. జెండా ముందు నేను. వెనక వీధి వీధంతా నడిచింది, ఒక్కరూ మానలేదు, ఎర్ర రుమాళ్ళు, కొత్త బూట్లు. పాట కూడా బాగా పాడారు. మలుపు దగ్గర ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. జెలిందా, యజమానురాలు. కుట్టే ఆవిడ, యజమానురాలు. అక్కాచెల్లెళ్ళు, చెరో ఫ్యాక్టరీ. జెలిందా మొగుడు, జెలిందాకి భాగస్తుడు. దీర్చె ఊరేగింపులో నడుస్తూనే జెలిందాతో ఊలు ధర బేరమాడుతోంది.

ఇంతమందిలో ఒకరి కింద పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకేం బాధ లేదు. ఎవరో ఒకరు ఉండాలి కదా, లేకపోతే ఊరేగింపెందుకు?

మే 24, ఆదివారం

మాకు అల్లే పక్క ఊరి ఆడవాళ్ళందరికీ ఈరోజు సెలవు, ఒప్పందం ప్రకారం. ఆ ఒప్పందంలో ఇంట్లోవాళ్ళ ప్రస్తావన లేదని దీర్చె గుర్తుచేసింది. రాసింది నేనే. పొద్దుట్నుంచి ఆవిరి పట్టాను. ఆమె పొద్దుట్నుంచి అల్లింది. నిలబడి తింది. తింటూ నిద్రపోయింది, చెంచా చేతిలోనే ఉంది.

జూన్ 4

దీర్చె నుంచున్నచోటే నిద్రపోవడం ఇది మూడోసారి. వేళ్ళు వాచాయి. చెబితే వినదు. "ఈ ఆర్డరైపోనీ," అంటుంది. ప్రతి ఆర్డరూ ఈ ఆర్డరే.

జూన్ 12, శుక్రవారం

పొద్దున్నే సమ్మె ప్రకటించాను.

కుర్చీ తెచ్చి మా బోర్డు కింద వీధిలో వేసుక్కూర్చున్నాను. అట్టమీద కోరికలు రాసి మెడలో వేసుకున్నాను. మొదటిది: ఆదివారం ఈ ఇంట్లో ఏ యంత్రమూ ఆడకూడదు. రెండోది: అన్నం బల్ల మీద, కూర్చుని, ఇద్దరూ కలిసి తినాలి. మూడోది: కార్మికుడు మాట్లాడుతున్నప్పుడు యజమానురాలు చేతిలో పని కింద పెట్టి వినాలి.

ఇవన్నీ నా పని పరిస్థితులకి సంబంధించినవే. వేరే ఉద్దేశం ఏమీ లేదు.

సైకిళ్ళ మీద పోయేవాళ్ళు బెల్లు కొట్టారు. జెలిందా గుమ్మంలోకి వచ్చి, "దీర్చె అక్కా! నీ కార్మికవర్గం వీధిలో కూర్చుందే!" అని అరిచింది. లోపల జర్‌ర్ ఆగింది. దీర్చె చేతులు తుడుచుకుంటూ వచ్చి నా మెడలో అట్ట చదివింది. కింద నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి.

"ఇవి కార్మికుడి కోరికలేనా?" అంది.

"సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది," అన్నాను.

"సంఘంలో ఎంతమందున్నారు?"

"అందరూ హాజరయ్యారు."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. లోపలికెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చింది. నా పక్కన వేసుకుంది. "చర్చలకి పిలుస్తారుగా యజమానుల్ని. వచ్చా. చెప్పు, వింటా," అంది. చేతిలో ఏమీ లేదు. యంత్రం వచ్చాక ఆమెని ఖాళీ చేతులతో చూడటం ఇదే మొదటిసారి.

నేను గొంతు సవరించుకుని మొదటి కోరిక వివరించసాగాను. ఆదివారం చరిత్రతో మొదలుపెట్టాను. కొంచెం దూరం వచ్చాక భుజం మీద బరువనిపించింది. నిద్రపోయింది. నా ఉపన్యాసాల్లో చాలామంది నిద్రపోయారు. ఎప్పుడూ ఇంత సంతోషం కలగలేదు.

అప్పుడు లోపల ఫోను మోగింది.

ఆమె కనురెప్ప కదిలింది. నేను సమ్మెలో ఉన్నాను. సమ్మెలో ఉన్నవాడు పనిముట్టు ముట్టకూడదు. ఫోను పనిముట్టే. ఇంకోసారి మోగింది. ఆమె తలని మెల్లిగా కుర్చీ వీపుకి ఆనించి, అట్ట మెడలో వేలాడుతుండగా పరిగెత్తాను.

బ్రాండ్ల్. రెండు వేలు కావాలట, జూలైకి. దీర్చె ఎక్కడ, దీర్చెతో మాట్లాడాలి అన్నాడు. నేను గొంతు తగ్గించి, "వీలుకాదండీ. ఇక్కడ సమ్మె," అన్నాను. అతనికి అర్థం కాలేదు. జర్మన్‌లో నాకు ఒకే ఒక్క మాట వచ్చు, అది వాళ్ళ కార్మికుల పోస్టర్ మీద చదివింది. "ష్ట్రైక్," అన్నాను.

అటువైపు కలం కిందపెట్టిన చప్పుడు.

"ష్ట్రైక్? ఎంతమంది?"

నేను అబద్ధమాడలేదు. "అందరూ," అన్నాను. "నూటికి నూరుమంది."

అతను నిట్టూర్చాడు. ఏం కోరుతున్నారన్నాడు. ఆదివారాలన్నాను. ఇంకా? భోజనమన్నాను. అప్పుడు, ఎందుకన్నానో తెలియదు, "సెప్టెంబరుకైతే ఒప్పుకుంటారు. వాళ్ళతో నేను మాట్లాడతాను," అన్నాను. "మీరు ఎవరు?" అని అడిగాడు. యజమాని అనలేదు, కార్యదర్శి అనలేదు. "ఆవిరి పట్టేవాణ్ణి," అన్నాను.

సెప్టెంబరుకి సరేనన్నాడు. సమ్మె చేస్తున్నవాళ్ళకి నమస్కారాలు చెప్పమన్నాడు.

తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా నిద్రలోనే ఉంది. ఎండ మోకాళ్ళదాకా పాకింది. జెలిందాకి సైగ చేశాను. ఆమె చెప్పులు విడిచి వచ్చింది. కుర్చీని చెరోపక్కా పట్టుకుని, మాట్లాడకుండా, దీర్చెతో సహా నీడలోకి మోశాం. జెలిందా నోరు మూసుకుని చేసిన పని నాకు తెలిసి ఇదొక్కటే.

నేనిప్పుడు ఆమె పక్కనే కూర్చుని రాస్తున్నాను. సమ్మె కొనసాగుతోంది.